కమిషనర్ గారి ముఖం వెనక బటన్

నందిరేవు పురపాలక సంఘం కమిషనర్ ప్రభంజన్ గారు రాజధానిలో శిక్షణకు వెళ్లి వచ్చిన మర్నాడు ఆఫీసులో ఒక సర్క్యులర్ తిరిగింది. అందులో ఎవరికీ ఆశ్చర్యం లేదు. ఆయన ఏ శిక్షణకు వెళ్లినా తర్వాత ఒక సర్క్యులర్ వచ్చేది. కిందటిసారి శిక్షణ పచ్చదనం మీద జరిగింది. ప్రతి బల్ల మీదా ఒక పూలకుండీ వచ్చింది. అంతకుముందు ధ్యానం మీద జరిగింది. పొద్దున్న జనం కిటికీల దగ్గర నిలబడి ఉంటే సిబ్బంది కళ్లు మూసుకుని ఉండేవారు. ఈసారి శిక్షణ సోషల్ మీడియా మీద జరిగింది.

జనన మరణ విభాగం సీనియర్ అసిస్టెంట్ తవిటినాయుడు సర్క్యులర్‌ను రెండుసార్లు చదివాడు.

“ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, పురపాలక సంఘపు అధికారిక పేజీ నందు వెలువడు ప్రతి పోస్టును తక్షణమే వీక్షించు నిమిత్తము, ప్రతి డెస్క్‌టాప్ కంప్యూటర్ నందలి బ్రౌజరులో సదరు సైటు నోటిఫికేషన్లను ఈ సాయంత్రము లోగా ఆన్ చేయవలెను. చేయని యెడల సంజాయిషీ కోరబడును.”

కారణం ఆఫీసులో అందరికీ తెలుసు. శిక్షణలో అన్ని పురపాలక సంఘాల పేజీలనూ గోడ మీద వరసగా చూపించారు. నందిరేవు అట్టడుగున ఉంది. కాలువల పూడికతీత మీద పెట్టిన పోస్టుకు వచ్చిన లైకుల్లో ఒకటి కమిషనర్ గారి బావమరిదిది, రెండోది కమిషనర్ గారిది. మూడోది లేదు.

తవిటినాయుడు పేజీ తెరిచాడు. తెర పైమూల చిన్న పెట్టె ఒకటి వచ్చింది. ఈ సైటు మీకు నోటిఫికేషన్లు చూపించాలనుకుంటోంది అని అందులో ఉంది. కింద రెండు బటన్లు. ఒకదాని మీద ‘అనుమతించు’, రెండోదాని మీద ‘నిరోధించు’.

ఆయన మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆయన దేన్నీ అనుమతించలేదు, దేన్నీ నిరోధించలేదు. ‘తగు ఆదేశముల నిమిత్తము సమర్పించడమైనది’ అని రాసి పైకి పంపేవాడు. అనుమతించేవాళ్లు, నిరోధించేవాళ్లు పైన ఉంటారు. లేచి మేనేజరు సోమయాజులు గారి బల్ల దగ్గరికి వెళ్లాడు. ఆఫీసు గుమాస్తాలందరి మీదా ఆయనే పెద్ద. నియమావళిలో ఏ నియమం ఏ పేజీలో ఉందో చూడకుండా చెప్పగలడు.

“మేనేజరు గారూ, అనుమతి అడుగుతోందండి.”

“ఎవరోయ్?”

“బ్రౌజరండి.”

“ఎవర్ని అడుగుతోంది?”

“నన్నేనండి.”

సోమయాజులు కళ్లజోడు తీశాడు. “నిన్నా? అనుమతించే అధికారం నీకెక్కడిది?”

“నా అనుమానమూ అదేనండి.”

“ఫైలు పెట్టు.”

తవిటినాయుడు ఫైలు పెట్టాడు. బ్రౌజరు అనునది అనుమతి కోరుచున్నదని, అనుమతి ఇచ్చుటకు తాము సమర్థ అధికారి అయి ఉన్నారని, ఆదేశములు ప్రార్థించడమైనదని రాశాడు. పన్నుల విభాగం నుంచీ ఇంజనీరింగ్ విభాగం నుంచీ కూడా ఫైళ్లు వచ్చాయి. ఒక్కో కంప్యూటర్‌కు ఒక్కో నంబరు ఉంది కాబట్టి ఒక్కోదానికీ ఒక్కో ఫైలు కావాలని సోమయాజులు అభిప్రాయపడ్డాడు. ఫైళ్లు కమిషనర్ గారి బల్ల మీద పేరుకున్నాయి. ఈలోగా సాయంత్రం గడిచింది కాబట్టి అందరికీ సంజాయిషీ నోటీసులు అందాయి. అనుమతి ఫైలు తమరి వద్దనే ఉన్నదని అందరూ సంజాయిషీ ఇచ్చారు. ఆ సంజాయిషీలు కూడా అదే బల్ల మీదికి చేరాయి.

చివరికి కమిషనర్ గారు ఒక ఆదివారం వచ్చి కూర్చుని అన్నిటి మీదా ‘అనుమతించడమైనది’ అని రాశారు. సోమవారం ప్రతి గుమాస్తా ఆ కాగితాన్ని పక్కన పెట్టుకుని బటన్ నొక్కాడు.

కాసేపటికి ఆఫీసంతా ఒకేసారి టింగుమంది.

తవిటినాయుడు తెర మీద, కింద కుడి మూల, కమిషనర్ గారి ముఖం వచ్చింది. నవ్వుతోంది. పక్కన ‘ఈ ఉదయం మంచినీటి ట్యాంకును పరిశీలించాను’ అని ఉంది. తవిటినాయుడు చదివాడు. బొమ్మ మూల ఇంటూ గుర్తు కనిపిస్తే దాన్ని నొక్కాడు. ముఖం పోయింది.

వెనక సోమయాజులు నిలబడి ఉన్నాడు.

“ఏం చేశావోయ్?”

“చదివేశానండి. మూసేశాను.”

“సారు ముఖం మీద ఇంటూ కొట్టావు.”

“అది మూసే గుర్తండి.”

“పరీక్ష కాగితం మీద కొడితే తప్పు అని అర్థం. దరఖాస్తు మీద కొడితే చెల్లదని అర్థం. ఫోటో మీద కొడితే ఆ మనిషి లేడని అర్థం. సారు ముఖం మీద కొడితే ఏమని అర్థమో నువ్వే చెప్పు.”

సాయంత్రానికి మెమో వచ్చింది. ప్రమోషన్ జాబితాలో తవిటినాయుడి పేరు మొదట ఉంది. ఇంకో మెమో వస్తే ఆ పేరు ఉండదని సోమయాజులు మెమోతో పాటు నోటిమాటగా చెప్పాడు.

ఆ వారం సమీక్షా సమావేశంలో సోమయాజులు లేచి ఒక సందేహం అడిగాడు.

“తమరు గదిలోకి వస్తే సిబ్బంది లేచి నిలబడటం ఆనవాయితీ సార్. ఇప్పుడు తమరు తెర మీదికి వస్తున్నారు. కూర్చుని ఉండటం సబబేనా అని సిబ్బందిలో ఆందోళన ఉంది.”

సిబ్బంది ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

కమిషనర్ గారు చేతులు జోడించారు. “వ్యక్తిగతంగా నేను ఇలాంటి మర్యాదలు కోరుకునేవాణ్ని కాదు. నేను ప్రజల మనిషిని. అయితే సంస్థాగత క్రమశిక్షణకు నా వినయం అడ్డు కాకూడదు.”

దాని మీద వివరణ సర్క్యులర్ వచ్చింది. గౌరవ కమిషనర్ గారి డిజిటల్ ఆగమనము కూడ ఆగమనముగానే పరిగణింపబడును. నోటిఫికేషన్ రాగానే సిబ్బంది లేచి నిలబడి, లైకు చేసి, పిదప కూర్చొనవలెను. గౌరవ కమిషనర్ గారి ముఖమును ఎట్టి పరిస్థితులలోను ఎవరూ మూయరాదు. సిబ్బంది తమ సొంత ఖాతాలలో సైతము కమిషనర్ గారి ఫోటోనే ఉంచవలెను.

చివరి వాక్యం ఎందుకో మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఇంజనీరింగ్ విభాగంలో ఎవరైనా లైకు కొడితే, లైకు కొట్టినట్టు మిగిలిన అందరికీ మరో నోటిఫికేషన్ వచ్చేది. అందులో ఆ మనిషి ఖాతా ఫోటో ఉండేది. అంటే కమిషనర్ గారు. అందరూ లేచి, దానికీ లైకు కొట్టేవారు. పన్నుల విభాగం వాళ్లు కూర్చునేలోగా పారిశుద్ధ్య విభాగం లైకులు వచ్చేవి. మధ్యాహ్నానికి కూర్చోవడం మానేశారు. కొన్నాళ్లకు కుర్చీలు వాడకంలో లేని సామానుగా నమోదై స్టోరు గదికి వెళ్లాయి. కమిషనర్ గారు నిలబడి పనిచేస్తున్న సిబ్బందిని ఫోటో తీయించి ‘అలుపెరగని సేవ’ అని పేజీలో పెట్టారు. ఆఫీసంతా టింగుమంది.

కొత్త జాబితాలో నందిరేవు పేజీ అడుగు నుంచి నడుమకు వచ్చింది.

పైడమ్మ ఆ రోజుల్లోనే వచ్చింది. మార్కెట్టు పక్క సందులో చేపలమ్ముతుంది. కూతురు వెంట ఉంది, పదేళ్ల పిల్ల. భర్త గుజరాత్ రేవుల్లో పడవ మీద కూలికి వెళ్లాడు. పండక్కి ఒకసారి వస్తాడు, ఒకసారి రాడు.

“దండాలు బాబూ. గుంటకి పేరెక్కించాలంట.”

తవిటినాయుడు నిలబడే వివరాలు వెతికాడు. పుట్టిన తేదీ ఉంది. తల్లి పేరు, తండ్రి పేరు ఉన్నాయి. పిల్ల పేరు ఉండాల్సిన చోట ‘ఆడ శిశువు’ అని ఉంది. పుట్టిన రోజున ఆస్పత్రిలో రాసింది అలాగే ఉండిపోయింది. ఎవరూ వచ్చి పేరు చేర్పించలేదు.

“రికార్డులో మీ అమ్మాయికి పేరు లేదమ్మా.”

“నేకపోడమేటి బాబూ? సాగరిక. ఈదంతా అలాగే పిలుస్తాది.”

“వీధి పిలిస్తే చాలదు. మేం ఎక్కించాలి.”

“అందుకే కదేటి వొచ్చినాను. గురుకులంలో సీటొచ్చింది బాబూ. పరీచ్చ రాసి తెచ్చుకుంది. సుక్కురోరం సాయంత్రం లోపల పేరున్న కాయితం అట్టుకెళ్లకపోతే సీటు ఇంకోలకి ఇచ్చేస్తారంట.”

పిల్ల మధ్యలో అందుకుంది. “ఆడ శిశువు అని ఉంటే చేర్చుకోరంట సార్. ఆడ శిశువులు చాలామంది ఉంటారంట.”

“అక్కడైతే తెల్లారకుండా లేపి సదివిస్తారు బాబూ,” అంది పైడమ్మ. “ఇక్కడైతే తెల్లారకుండా లేపి నానే రేవుకి అట్టుకెళ్తన్నాను. తట్ట ఎత్తడానికి ఇంకెవులున్నారు నాకు?”

తవిటినాయుడు కాగితాలు చూశాడు. అన్నీ సరిగానే ఉన్నాయి. పేరు టైపు చేశాడు. సాగరిక. చివరగా ‘సమర్పించు’ అన్న బటన్ నొక్కాలి. నొక్కితే అది మున్సిపల్ డాక్టరు గారికి వెళ్తుంది. ఆయన ఆమోదించగానే ధ్రువపత్రం వస్తుంది.

బటన్ తెర కింద, కుడి మూల ఉంటుంది. ఇప్పుడు అక్కడ కమిషనర్ గారి ముఖం ఉంది.

ఇదివరకు వచ్చిన దరఖాస్తులను తవిటినాయుడు ఇక్కడే ఆపి పక్కన పెట్టాడు, దీనికి మాత్రం గడువుంది. కొత్తది వచ్చి దాని చోటు తీసుకుంటే తప్ప నోటిఫికేషన్ దానంతట అది పోయేది కాదు. ఎవరూ చూడకుండా తప్పించుకోకూడదని, చూసినా నిలిచి ఉండేలా కంప్యూటర్ల ఏజెన్సీ చేత పెట్టించారు. ముఖం మీద నొక్కి లైకు కొడితే ఆ ముఖం పోయి, మరొకరి లైకుతో అదే ముఖం వచ్చేది. జనన మరణాల సాఫ్ట్‌వేర్ తెరంతా నిండి ఉంటుంది, పక్కకు జరగదు. కీబోర్డుతో నొక్కుదామంటే ఆ బటన్ మౌస్‌కు తప్ప లొంగదు. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టి చూశాడు. అన్నిటికన్నా ముందు కమిషనర్ గారే వచ్చారు.

“ఏటైంది బాబూ?” అంది పైడమ్మ.

“బటన్ కనిపించడం లేదమ్మా.”

“ఏదీ?” పైడమ్మ కిటికీలోంచి తల లోపలికి పెట్టి తెర చూసింది. “ఆ నవ్వుతున్న బాబెవులు?”

“కమిషనర్ గారు.”

“ఆ బాబు ఎనకాల ఉందేటి?”

“ఆయన వెనకే.”

“మరి తప్పుకోమనండి.”

తవిటినాయుడు వెనక్కి చూశాడు. సోమయాజులు వినలేదు.

ఆయన మళ్లీ సోమయాజులు బల్ల దగ్గరికి వెళ్లాడు. ఈసారి గొంతు తగ్గించి చెప్పాడు.

“సారు ముఖం తీసెయ్యమంటావా?” అన్నాడు సోమయాజులు, గొంతు తగ్గించకుండా.

“తీసెయ్యొద్దండి. కాస్త పక్కకి.”

“ఎవరి ముఖాన్ని ఎవరు పక్కకి జరుపుతారయ్యా? నీకు ఇదివరకే ఒక మెమో ఉంది.”

“అమ్మాయి సీటు పోతుందండి. శుక్రవారం ఆఖరు.”

సోమయాజులు రాతిగుండె మనిషి కాదు. “అయితే అత్యవసరమని ఎర్ర చీటీ పెట్టి ఫైలు పెట్టు,” అన్నాడు.

ఫైలు మీద విషయం సోమయాజులే చెప్పి రాయించాడు. ‘తెరపై గౌరవ కమిషనర్ గారి ముఖము వెనుక గల బటన్‌ను తాత్కాలికముగా బయల్పరచుటకు అనుమతి కోరుట గురించి.’

కమిషనర్ గారు ‘చర్చించవలెను’ అని రాశారు. గురువారం చర్చించారు. గదిలో ఆయన ఒక్కరికే కుర్చీ ఉంది. ఆయన గది కంప్యూటర్‌లో నోటిఫికేషన్లు లేవు. తన రాకకు తాను లేచి నిలబడటం బాగుండదని సోమయాజులే వద్దన్నాడు.

“ప్రజాసేవే నా ధ్యేయం,” అన్నారు కమిషనర్ గారు. “నా ముఖం ప్రజాసేవకు అడ్డంగా ఉందన్న భావన మీలో ఎందుకు కలిగింది?”

“ముఖం కాదండి సార్,” అన్నాడు తవిటినాయుడు. “అది ఉన్న చోటండి.”

“చోటు నేను ఎంచుకోలేదు. బ్రౌజరు ఎంచుకుంది. నేను బ్రౌజరు పనిలో జోక్యం చేసుకోను. బటన్‌నే పక్కకు జరపండి.”

“అది రాష్ట్రం మొత్తానికీ ఒకటే సాఫ్ట్‌వేరండి సార్. రాజధానిలో మార్చాలి.”

“రాజధానికి లేఖ రాయండి. బటన్ స్థాన మార్పిడి అంశంపై సాంకేతిక ఉపసంఘం వేయమని కోరండి. మన సంఘం ఈ దిశగా చొరవ తీసుకున్న సంగతి పేజీలో పెట్టండి.”

“రేపు సాయంత్రం ఆఖరండి సార్, ఆ పిల్లకి.”

కమిషనర్ గారు ఆయన వంక ఓపికగా చూశారు. “నాయుడు గారూ, మనం వ్యవస్థను మారుస్తున్నాం. ఒక్క పిల్ల గురించి ఆలోచిస్తే వ్యవస్థ మారదు.”

బయటికి వచ్చేసరికి ఆఫీసు టింగుమంది. ‘జనన మరణ సేవల్లో సంస్కరణలకు శ్రీకారం. పౌరులారా, మీ అభిప్రాయాలు తెలపండి.’ తెర మీద కమిషనర్ గారు నవ్వుతున్నారు. బటన్ మీద.

శుక్రవారం పైడమ్మ చేపల తట్ట తోటికోడలికి అప్పగించి పొద్దున్నే వచ్చింది. పిల్ల తల దువ్వుకుని, బళ్లోకి వేసుకెళ్లే బట్టలు వేసుకుని వచ్చింది. ఇద్దరూ కిటికీ ముందు నిలబడ్డారు. లోపల తవిటినాయుడు నిలబడ్డాడు. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లి వచ్చారు. తవిటినాయుడు వెళ్లలేదు.

“ఏటి బాబూ, ఆ బాబు ఇంకా ఆడే ఉన్నాడా?”

“ఉన్నారమ్మా.”

“తిండికీ ఎళ్లడా?”

“ఆయన వెళ్లినా ఇది వెళ్లదు.”

“నాను సేపలమ్మే కాడ ఎవులన్నా తట్టకి అడ్డంగా నిల్సుంటే, ‘ఒలే, అవతలికి నడు’ అంటాను. అంతే. మీ ఆపీసులో అంత మాటనడానికి ఒక్కులూ నేరేటి?”

“ఉన్నాం. ఫైలు పెట్టాం.”

“ఏటన్నారు?”

“ఉపసంఘం వేస్తారట.”

పైడమ్మకు ఉపసంఘం అంటే ఏమిటో తెలియదు. కానీ ఆయన ముఖం చూసి అది మంచి సంగతి కాదని తెలుసుకుంది. పిల్ల తల్లి ఫోను తీసుకుని ఏదో చూస్తోంది. పైడమ్మ ఫోనులో ఒక ఖాతా ఉంది. పొద్దున్న ఏ చేపలు పడ్డాయో, ధర ఎంతో పిల్ల అందులో పెడుతుంది. ఊళ్లో సగం మంది అది చూసే బజారుకు బయల్దేరతారు. ఖాతా బొమ్మలో పైడమ్మ రెండు చేతులతో వంజరం చేపను పట్టుకుని ఉంటుంది.

“అమా,” అంది పిల్ల. “ఈ పేజీలో అబిప్రాయాలు చెప్పమంటన్నారు. ఒక్కులూ చెప్పలేదు.”

“ఎవులు సెప్పమన్నారు?”

“ఆ కమిషనర్ సారే.”

“అడిగినాడా? అడిగితే సెప్పకపోడమేటి? రాయే. సారూ, మా గుంట పేరెక్కించే బటను మీ ముకం ఎనకాల ఉండిపోనాది. కొంచెం తప్పుకుంటే గుంట బడికెల్తాది. అలాగే రాయి. ఒక్క ముక్క మార్సకు.”

పిల్ల రాసింది. పంపింది.

ఆఫీసు టింగుమంది.

నిలబడి ఉన్న సిబ్బంది నిలబడే తెరల వైపు చూశారు. పన్నుల విభాగంలో ఎవరో లైకు కొట్టబోయి ఆగిపోయారు. ఇంజనీరింగ్ విభాగంలో ఒకాయన “ఇదెవరండీ?” అన్నాడు. అన్ని తెరల మీదా, కింద కుడి మూల, కమిషనర్ గారి ముఖం లేదు. పైడమ్మ ఉంది. చేతుల్లో వంజరం ఉంది.

సోమయాజులు తన తెర ముందు సగం వంగి ఉన్నాడు. “ఇది ఆగమనమా?” అన్నాడు, ఎవరినీ ఉద్దేశించకుండా. జవాబు చెప్పే సర్క్యులర్ లేదు. ఊరి జనంలో ఒకరు ఆ పేజీలో అభిప్రాయం రాయడం అదే మొదటిసారి. దానికి ఏం చేయాలో ఎవరూ ఆలోచించి పెట్టలేదు.

తవిటినాయుడు బల్ల మీద అంటించిన సర్క్యులర్ చదివాడు. గౌరవ కమిషనర్ గారి ముఖమును ఎట్టి పరిస్థితులలోను ఎవరూ మూయరాదు. ఇంకోసారి చదివాడు. కమిషనర్ గారి ముఖమును అనే ఉంది. చేపలమ్మే మనిషి ముఖం గురించి ఎక్కడా లేదు.

తల ఎత్తాడు. “పైడమ్మా, మీరొచ్చారు.”

“ఎక్కడికి బాబూ?”

“తెర మీదికి. బటన్ మీద ఇప్పుడు మీరున్నారు.”

పైడమ్మ మళ్లీ కిటికీలోంచి తల పెట్టి చూసింది. “నానే! వంజరం బాగా పడింది.”

“ఇంటూ కొట్టాలమ్మా. మీ ముఖం మీద. ఏమీ అనుకోరు కదా?”

“బేగి కొట్టండి బాబూ! పొద్దున్న లేస్తే ఎంతమంది ఈ ముకం మీద బేరం కొడతన్నారు. మీరో గీత కొడితే ఏటవుద్ది?”

“మళ్లీ ఎవరైనా లైకు కొడితే సారు వచ్చేస్తారు.”

“అందుకే కొట్టమంటన్నాను! మాటలాడకండి!”

తవిటినాయుడు ఇంటూ నొక్కాడు. పైడమ్మ పోయింది. ఆ మూల ఖాళీ అయింది. కొన్ని వారాలుగా ఎవరూ చూడని బటన్ అక్కడే ఉంది. ఆకుపచ్చ రంగు. సమర్పించు అని ఉంది. నొక్కాడు.

నొక్కిన మరుక్షణం టింగుమంది. పన్నుల విభాగం వాళ్లు చివరికి లైకు కొట్టేశారు. కమిషనర్ గారు వచ్చి నవ్వారు. అప్పటికి పని అయిపోయింది.

డాక్టరు గారు ఎక్కడో పెళ్లి భోజనంలో ఉన్నారు. తవిటినాయుడు ఫోను చేస్తే ఆయన తన ఫోనులోనే ఆమోదించారు. సర్క్యులర్‌లో డెస్క్‌టాప్ అని మాత్రమే ఉంది కాబట్టి ఫోన్లు మామూలుగా పనిచేసేవి. ప్రింటరు కాగితం వదిలింది.

పైడమ్మ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుంది. ఆమెకు చదువు రాదు. “ఎక్కిందేటే?” అంది పిల్లతో.

పిల్ల వేలు పెట్టి చూపించింది. “సాగరిక. ఇదిగో.”

“ఆడ శిశువు పోనాదా?”

“పోయింది.”

“అయితే పరిగెట్టు. ఆటో ఆపు.” పైడమ్మ కొంగు బిగించింది. కిటికీ వైపు తిరిగి, “బాబూ, రేపు సేపలట్టుకొస్తాను. పుచ్చుకోనని మాత్రం అనకండి,” అని పిల్ల వెనక పరిగెత్తింది.

సోమవారం తవిటినాయుడికి రెండో మెమో అందింది. తెరపై వ్యక్తమైన ఒక పౌరురాలి ముఖముపై ఇంటూ గుర్తు ప్రయోగించి, ప్రజల యెడ అమర్యాదగా ప్రవర్తించినట్లు తెలియవచ్చినది అని అందులో ఉంది. విచారణాధికారిగా సోమయాజులు నియమితుడయ్యాడు. బాధితురాలిగా పైడమ్మను పిలిపించారు. ఆమె తట్టతో సహా వచ్చింది.

“ఈ ఉద్యోగి నీ ముఖం మీద ఇంటూ కొట్టిన మాట నిజమేనా?” అన్నాడు సోమయాజులు.

“నిజమే బాబూ. నానే కొట్టమన్నాను.”

“దానివల్ల నీ మనసుకు గాయమైందా?”

“ఏటి గాయం? కొట్టగానే పనైపోనాది. గుంట బళ్లో ఉంది. నా ముకం తీసేస్తే నా ఒక్కదాని పనైంది. ఆ బాబు ముకం తీసేసి సూడండి, ఊరందరి పనీ అయిపోద్ది.”

సోమయాజులు రాసుకుంటున్నాడు. తవిటినాయుడు పక్కనుంచి వంగి చూశాడు. ‘ముఖమును తొలగించు విధానము వలన సేవ సత్వరముగా అందినదని, తాను మిక్కిలి సంతృప్తి చెందినానని పౌరురాలు వాంగ్మూలమిచ్చినది.’

వాంగ్మూలం కమిషనర్ గారికి చేరింది. అప్పటికి ఆయన వేరే కారణంగా సంతోషంగా ఉన్నారు. పైడమ్మ అభిప్రాయానికి ఊరంతా లైకులు కొట్టింది. సిబ్బంది ఎటూ కొట్టారు. చేపల బజారు మొత్తం కొట్టింది. పక్క ఊళ్ల వాళ్లు కొట్టారు. చాలామంది కింద నవ్వు బొమ్మలు పెట్టారు. అవీ లెక్కలోకి వచ్చాయి. నందిరేవు పేజీ రాష్ట్రంలో మొదటి వరసకు చేరింది. పౌర భాగస్వామ్యంలో ఆదర్శం అని రాజధాని నుంచి అభినందన వచ్చింది. మిగిలిన పురపాలక సంఘాలకు శిక్షణ ఇవ్వమని కమిషనర్ గారిని పిలిచారు.

తవిటినాయుడి మీద చర్యను ఉపసంహరించారు. కొత్త సర్క్యులర్ తిరిగింది. ఇకపై ఏ సేవ కోరు దరఖాస్తుదారు అయినను, తొలుత తన ముఖము స్పష్టముగా కనిపించు ఖాతా నుండి అధికారిక పేజీపై అభిప్రాయము తెలుపవలెను. పిదప సదరు ముఖమును సంబంధిత ఉద్యోగి మూసి, సేవను అందించవలెను.

ఆ మధ్యాహ్నం కిటికీ దగ్గరికి ఒక పెద్దాయన వచ్చాడు. చనిపోయిన అన్నగారి ధ్రువపత్రం కావాలన్నాడు. కాగితాలన్నీ వరసగా పెట్టి తెచ్చాడు. తవిటినాయుడు చూసి, బాగున్నాయన్నాడు.

“ఫోను ఉందా అండీ?”

“ఉంది నాయనా.”

“అందులో మీ ముఖం ఉన్న ఫోటో?”

“ఉంది. మా మనవడి పెళ్లిలో తీసింది. ఎందుకు?”

“కొట్టెయ్యడానికండి,” అన్నాడు తవిటినాయుడు.